నీడ పొట్టి కాకముందే ఇంటికి: తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో వేసవి సైకిల్ షికారు

తిరుపతిలో ఆర్.సి. రోడ్డు తెలియనివారు ఉండరు. ఆర్.సి. అంటే రాయలచెరువు. ఆ రోడ్డు మీదే ఇరవై ఏళ్ళుగా కాపురముంటూ ఆ చెరువు మొహం చూడనివారు మాత్రం నాకు డజను మంది తెలుసు. కొన్నేళ్ళ క్రితం వరకు నేనూ వారిలో ఒకణ్ణే. ఒక మే నెల తెల్లవారుజామున కరెంటు పోయి, ఉక్కపోతకు నిద్ర పట్టక, మూలన పడి ఉన్న సైకిల్ తీసి ఆ రోడ్డు చివర ఏముందో చూద్దామని బయల్దేరాను. చెరువు చూశాను. తిరిగి వచ్చేసరికి పదకొండయింది. ఆ రోజంతా తలనొప్పితో మంచం దిగలేదు.

అప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ తిరుగుతూనే ఉన్నాను, కానీ ఒక పద్ధతి ప్రకారం. మన ఎండల్లో ఎన్ని కిలోమీటర్లు తొక్కామన్నది లెక్కలోకి రాదు. ఎన్ని గంటలకు ఇంటికి చేరామన్నదే లెక్క. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క లెక్కను నిలబెట్టుకోవడానికే. పోటీలకు సిద్ధమయ్యేవారికి ఇందులో పనికొచ్చేది పెద్దగా లేదు. ఊళ్ళు చూస్తూ, నలుగురితో మాట్లాడుతూ, తాపీగా తిరిగి రావాలనుకునేవారి కోసం రాశాను.

మొదటి పని: వేళ నిర్ణయించుకోవడం

మే నెల మధ్యలో తిరుపతిలో సూర్యోదయం సుమారు 5.45కి. అంతకు ఇరవై అయిదు నిమిషాల ముందే దారి కనిపించేంత వెలుతురు వస్తుంది. కాబట్టి 5.20కి పెడల్ మీద కాలు పడాలి. దానికి 4.45కి లేవాలి. లేవలేమనుకునేవారు ఈ సరదాను కార్తీక మాసానికి వాయిదా వేసుకోవడం మంచిది.

తిరిగి చేరే వేళకు నాకో కొండగుర్తు ఉంది. సైకిల్ దిగి నిలబడి మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉన్నంతసేపు పర్వాలేదు. నీడ సరిగ్గా మీ ఎత్తుకు వచ్చిందంటే సూర్యుడు 45 డిగ్రీల మీదికి ఎక్కాడని అర్థం. మే మధ్యలో మన దగ్గర అది దాదాపు 9 గంటలకు జరుగుతుంది. ఆ వేళకు మీరు ఇంటి వసారాలో ఉండాలి. అంటే చేతిలో ఉన్నది మూడున్నర గంటలు. తాపీగా తొక్కితే గంటకు 12 కిలోమీటర్లు సాగుతాయి, ఆగడాలూ కబుర్లూ పోను 30 కిలోమీటర్లు హాయిగా తిరగవచ్చు. వెళ్ళేటప్పుడు ఎంత దూరంలో ఉన్నా సరే, 7.15 కాగానే సైకిల్ తిప్పేయండి. "ఇంకో మలుపు చూసి వద్దాం" అన్న మాటే నన్ను ఆ మొదటి రోజు మంచమెక్కించింది.

కృత్తిక కార్తె మే 11 ప్రాంతంలో మొదలవుతుంది. మన పెద్దలు కత్తెర ఎండలనేవి ఇవే. దాని వెనకే మే 25 నుంచి రోహిణి. రోళ్ళు పగిలే ఆ రోజుల్లో దూరం సగానికి తగ్గించండి, లేదా ఊరి చుట్టూ తిరిగి వచ్చేయండి.

సాయంత్రం వెళ్ళవచ్చా అని చాలామంది అడుగుతారు. నాకైతే ఇష్టం ఉండదు. ఆరు గంటలకు కూడా తారు రోడ్డు పొయ్యి మీది పెనంలా సెగ కక్కుతూనే ఉంటుంది, ఆరున్నర దాటగానే చీకటి పడుతుంది. పైగా మే నెల సాయంత్రాల్లో చెప్పాపెట్టకుండా గాలివాన వస్తుంది. మెరుపులు మొదలయ్యాయంటే చెట్టు కిందికి పరిగెత్తకండి, ముఖ్యంగా పొలంలో ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టు కిందికి. దగ్గర్లోని ఇంటి వరండాలోకో బడి లోపలికో వెళ్ళండి. ఎవరూ కాదనరు.

సైకిల్ సంగతి

గేర్లు ఉండాలా? అక్కర్లేదు. పాలక్యాన్లు మోసే మామూలు సైకిల్ మీద కూడా ఈ దారులన్నీ తిరగవచ్చు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే పది కిలోమీటర్లకే మోకాళ్ళు మూలుగుతాయి. బ్రేకులు పట్టి చూడండి, గొలుసుకు రెండు చుక్కల నూనె వేసి పైపైన తుడిచేయండి. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి ఇసుక కాగితంలా తయారవుతుంది.

గాలి ఎంత కొట్టాలన్నది టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. వేసవిలో ఆ పై హద్దు దాకా వెళ్ళకండి. తెల్లవారుజామున 28 డిగ్రీల చల్లదనంలో 60 పీఎస్‌ఐ కొట్టిన టైరును ఎండలో నిలిపి అది 60 డిగ్రీలకు వేడెక్కితే, లోపలి ఒత్తిడి ఇంకో 8 దాకా పెరుగుతుంది. పాత ట్యూబు అతుకు వదిలేయడానికి అది చాలు.

వాల్వు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. సైకిళ్ళకు మూడు రకాల వాల్వులు వస్తాయి. పాత సైకిళ్ళకు ఉండే వాల్‌ట్యూబు రకం ఒకటి, దీనికి పల్లె సైకిల్ షాపులోని చేతిపంపు సరిపోతుంది. మోటారు సైకిల్ టైరుకు ఉండే లావుపాటి రకం రెండోది, దీనికి ఏ పంక్చర్ షాపులోనైనా గాలి దొరుకుతుంది. మూడోది ఖరీదైన సైకిళ్ళకు వచ్చే సన్నమూతి రకం. దీనికి మన పల్లెల్లో ఎక్కడా గాలి దొరకదు. అరవై రూపాయల లోపు ఇత్తడి మూతి ఒకటి దొరుకుతుంది, దాన్ని బిగిస్తే సన్నమూతి కాస్తా మోటారు సైకిల్ వాల్వుగా మారుతుంది. అది జేబులో లేని రోజున నా వెనక చక్రం దిగిపోయింది. రామచంద్రాపురం వైపు నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచి షాపు చేరితే, ఆ పెద్దాయన వాల్వును అటు తిప్పి ఇటు తిప్పి చూసి "ఇది మన దేశంది కాదు నాయనా" అని నవ్వాడు. చివరికి టమోటా బుట్టలతో వెళుతున్న ఆటోలో, బుట్టల మీద సైకిల్, సైకిల్ పక్కన నేను, అలా ఊరు చేరాను.

ముళ్ళూ మూట

మన పంక్చర్లకు మేకులకంటే ముళ్ళే ఎక్కువ కారణం. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టి కంచె వేసినచోట ముళ్ళు రాలి ఉంటాయి. వాటికంటే పెద్ద శత్రువు పల్లేరు కాయ. నేలబారున పాకే ఆ తీగ పచ్చగా, పసుపు పూలతో ముచ్చటగా కనిపిస్తుంది. ఎండిన కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అందుకే ఫొటో కోసమైనా సైకిల్‌ను పొలంగట్టు మీదికి తోయకండి. తారు అంచునే ఆపి, మీరు నడిచి వెళ్ళండి.

మూటలో ఇవి ఉండాలి: ఒక కొత్త ట్యూబు, అతుకుల పెట్టె, టైరు ఊడదీసే రెండు ప్లాస్టిక్ ఆకులు, చిన్న పంపు, పానా. టైరు విప్పాక కొత్త ట్యూబు తొడిగేముందు టైరు లోపలంతా వేళ్ళతో తడమండి. ముల్లు అక్కడే ఉండిపోతే రెండో ట్యూబూ పోతుంది. ఇంట్లో ఒకసారి గడియారం పెట్టుకుని ట్యూబు మార్చి చూడండి. మొదటిసారి నాకు యాభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు పన్నెండు.

బట్టల విషయంలో కొత్తగా కొనవలసింది హెల్మెట్ ఒక్కటే. వదులైన, పొడుగు చేతుల, లేత రంగు నూలు చొక్కా చాలు. దానితోపాటు ఒక తువ్వాలు. చెమట తుడవడానికి, మెడ కప్పడానికి, తడిపి తల మీద వేసుకోవడానికి, రచ్చబండ మీద పరుచుకోవడానికి అది పనికొచ్చినంతగా ఏ ఖరీదైన సామానూ పనికిరాదు.

నీళ్ళు, మజ్జిగ, అంబలి

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీరు పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. వట్టి నీళ్ళు మాత్రమే తాగుతూ చెమటలు కక్కితే ఒంట్లో ఉప్పు పలచబడి, పిక్కలు పట్టేసి, తల తిరుగుతుంది. రెండు సీసాల్లో ఒకదాన్ని ఇలా తయారు చేసుకోండి: లీటరు నీటికి 6 టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. అంచనాగా ఉప్పు ఎక్కువ వేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. నిమ్మకాయ పిండుకోవడం మీ ఇష్టం. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఈ విషయం ముందే డాక్టరును అడగాలి.

బయల్దేరేముందు కడుపు నిండా తినకండి. రెండు అరటిపండ్లు, లేకపోతే గ్లాసుడు రాగి అంబలి చాలు. రాత్రే కాచి పులియబెట్టిన అంబలిలో పలచటి మజ్జిగ, ఉప్పు, తరిగిన చిన్న ఉల్లిపాయ వేసుకుని తాగితే ఎనిమిదింటి దాకా ఆకలి మాట ఉండదు. దారిలో కొబ్బరి బోండాం, ముంజలు దొరుకుతాయి. ముంజలు లేతవి చూసి తినండి, ముదిరినవి కడుపులో బరువు. నన్నారి షర్బత్ బాగుంటుంది కానీ అందులో వేసే ఐసు ఎక్కడిదో అడగండి. చెరకు రసం బండి విషయంలోనూ ఇంతే.

దారులు

మొదటి వారం తిరుచానూరు దాటకండి. ఊరి నుంచి అయిదు కిలోమీటర్లు, అంతా చదును. తెల్లవారుజామున పద్మావతి అమ్మవారి పుష్కరిణి చుట్టూ పూల బుట్టలు దిగుతుంటాయి. అక్కడికి ఆనుకునే ఉన్న యోగిమల్లవరంలో పరాశరేశ్వరుని పాత గుడి ఉంది. అమ్మవారి గుడి దగ్గరి జనంలో పదో వంతు కూడా ఇక్కడికి రారు. సైకిల్ తాళం వేసి అరగంట కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఆ దగ్గర్లో లేదు.

రెండో వారం నుంచి చంద్రగిరి దారి. పేరూరు బండ మీద 2022లో పునఃప్రతిష్ఠ జరిగిన వకుళమాత గుడి దూరం నుంచే కనిపిస్తుంది. తొండవాడలో స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వర ఆలయం. స్వర్ణముఖిలో భీమా, కల్యాణి నదులు కలిసే చోటు ఇదే. వేసవిలో మూడు నదుల బదులు మూడు ఇసుక దారులు కనిపిస్తాయి, వాటి మధ్య చెలమ తవ్వితే నీరూరుతుంది. అక్కడి నుంచి శ్రీనివాసమంగాపురం దగ్గరే. పెళ్ళయిన ఆరు నెలల దాకా కొత్త దంపతులు కొండెక్కకూడదని అగస్త్యుడు చెప్పగా శ్రీనివాసుడు, పద్మావతి ఇక్కడే ఉన్నారని కథ. ఉదయం వేళ గుడి ముందు పసుపు బట్టల కొత్త జంటలు ఎదురైతే ఆశ్చర్యపోకండి.

చంద్రగిరి కోటకు వెళ్ళేటప్పుడు ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. రాజమహల్‌లోని మ్యూజియం తెరిచే వేళకు మనం ఇంట్లో ఉండాలి. శుక్రవారం దానికి సెలవు కూడా. కాబట్టి కోటగోడల వెంట తిరిగి, కొండ కింద ఉదయపు ఎండలో రాజమహల్‌ను బయటి నుంచి చూసి రావడమే. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో స్థలం ఇచ్చినవారు ఈ చంద్రగిరి రాజుల సామంతులే. మద్రాసు పుట్టుకలో మన చంద్రగిరికీ పాలుందన్నమాట. రాను పోను 30 కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చంద్రగిరి పడమర దిక్కు. వెళ్ళేటప్పుడు సూర్యుడు వీపు మీద, వచ్చేటప్పుడు కళ్ళలో. మీకు కళ్ళు చెదరడం అటుంచి, మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకూ అదే ఎండ ఎదురు. మీరు అతనికి నల్లటి నీడలా మాత్రమే కనిపిస్తారు. వెనక ఎర్ర దీపం పగలైనా వెలిగించి ఉంచండి, హైవే వదిలి ఊళ్ళలోంచి వచ్చే పాత రోడ్డు పట్టండి. కొండ అంచున జూపార్కు మీదుగా వచ్చే దారి చల్లగా, అందంగా ఉంటుంది కానీ పూర్తిగా తెల్లవారకముందు, ఒంటరిగా అటు పోకండి. శేషాచలం పాదాల దగ్గర చిరుతలు తిరుగుతాయి. కల్యాణి డ్యాం వైపు ఏనుగులు కూడా వస్తుంటాయి. పొలాల్లోవారు "ఇవాళ అటు వద్దు" అంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగాలి.

మూడోది నా దారి, రాయలచెరువు. ఎండ పక్కనుంచి పడుతుంది కనుక కళ్ళకు హాయి. బైపాస్ దాటే చోట మాత్రం దిగి నడవండి. ఆ తర్వాత మామిడి తోటలు, వరి మళ్ళు, రోడ్డుకు రెండు వైపులా చింతలు, కానుగలు. కానుగ నీడకు ఉన్న చల్లదనం వేపకు కూడా లేదని నా అభిప్రాయం. ఎవరైనా వాదించాలనుకుంటే ఆ రెండు చెట్ల కిందా పది నిమిషాలు కూర్చుని రండి. శ్రీకృష్ణదేవరాయల పేరుతో ముడిపెట్టి చెప్పుకునే ఈ చెరువు 2021 నవంబరు వానలకు నిండి, కట్టకు లీకు పడింది. కింది పల్లెలను ఖాళీ చేయించారు. వేసవిలో అదే చెరువు అంచున గొర్రెలు మేస్తుంటాయి. ఆ కట్ట మీద నిలబడి చూస్తే అన్ని నీళ్ళు ఎక్కడ నిలిచాయా అనిపిస్తుంది. రాను పోను 35 కిలోమీటర్ల లోపే, కానీ చివర్లో ఎండ తగులుతుంది. మే నెలలో మొదటిసారి వెళ్ళేవారు సగంలో తిరిగి రండి.

గుడిమల్లం గురించి అడుగుతారని తెలుసు. పరశురామేశ్వరుని గుడిలోని దాదాపు అయిదడుగుల లింగాన్ని క్రీస్తుకు పూర్వం నాటిదని చాలామంది పండితులు అంటారు. దారిలో పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. రెండూ చూడవలసినవే. కానీ తిరుపతి నుంచి ఒకవైపే 30 కిలోమీటర్ల దాకా ఉంది, రేణిగుంట వరకు లారీల మధ్య తొక్కాలి. మార్చి దాటాక సైకిల్ మీద వద్దు.

ఊళ్ళోకి వెళ్ళాక

ఏప్రిల్, మే నెలల్లో వరి కోతలవుతాయి. నున్నటి తారు రోడ్డే రైతుకు కల్లం. సగం రోడ్డు మీద ధాన్యం పరిచి, అంచుకు రాళ్ళు పేర్చి ఉంటారు. ధాన్యం మీద చక్రం జారుతుంది, బ్రేకు పడితే నేరుగా కిందే. పైగా అది ఒకరి ఏడాది కష్టం. దిగి నడవండి. పడి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు ఉందిలే అనుకోకండి, పుత్తూరు ఇక్కడికి దగ్గర కాదు.

కుక్కలు తరిమితే వేగం పెంచకండి. దిగి, కుక్కకూ మీకూ మధ్య సైకిల్ ఉండేలా పట్టుకుని నడిస్తే నాలుగిళ్ళు దాటేసరికి దానికే విసుగు పుడుతుంది.

దారి అడిగేటప్పుడు "ఇది ఫలానా ఊరికేనా" అని అడగవద్దు. మర్యాదకు అవునంటారు. "ఫలానా ఊరికి ఎటు పోవాలన్నా?" అని అడగండి, అప్పుడు చెయ్యి చూపిస్తారు. దూరం అడిగితే మాత్రం ఎవరైనా "ఇక్కడే" అంటారు. ఆ "ఇక్కడే" అర కిలోమీటరు నుంచి ఏడు కిలోమీటర్ల దాకా ఎంతైనా కావచ్చు. పంపు సెట్టు దగ్గర తల తడుపుకోవాలంటే ముందు కేక వేసి అడగండి. మామిడి తోటలో రాలిన కాయైనా అడగకుండా ముట్టకండి. అడిగితే తీసుకెళ్ళేంత ఇస్తారు, అందుకని ఒక ఖాళీ గుడ్డసంచి ఉంచుకోండి. తోతాపురి మాత్రం చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. జూన్, జూలైలలో ఆ ట్రాక్టర్లు రోడ్ల పక్కన బారులు తీరి ఉంటాయి. వాటి చాటు నుంచి హఠాత్తుగా మనుషులు దిగుతారు, జాగ్రత్త.

వేసవిలో ఈ వైపు పల్లెల్లో భారతం జరుగుతుంది. ధర్మరాజు గుడి, ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో సాధారణంగా 18 రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఆరున్నరకు మీరు ఆ ఊరు చేరితే భుజకీర్తులు విప్పని భీముడు టీ కొట్టు దగ్గర బీడీ కాలుస్తూ కనిపించవచ్చు. అర్జున తపస్సు రోజున నటుడు ఎత్తయిన మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. చివరి రోజు దుర్యోధన వధ. మైదానంలో మట్టితో చేసిన బ్రహ్మాండమైన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, రంగులు ముందే పూసి ఉంచుతారు. ఏ ఊళ్ళో ఏ రోజన్నది గోడల మీది పోస్టర్లలో ఉంటుంది. పోస్టరును ఫొటో తీసుకోండి. మొక్కుకుంటున్నవారిని మాత్రం తీయకండి.

ఒంట్లో తేడా చేస్తే

తల దిమ్మెక్కడం, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరికలు. వెంటనే నీడలో పడుకుని, చొక్కా వదులు చేసి, తడి తువ్వాలు మెడకు, చంకలకు పెట్టి, ఉప్పు చక్కెర నీళ్ళు గుక్కగుక్కగా తాగాలి. గంటసేపు అయినా సరే, తేరుకున్నాక కూడా సైకిల్ తొక్కవద్దు, ఆటో పిలవండి. తోటివారు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ ఉండండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఒంటరిగా వెళ్ళేవారు ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

ఇంటికి చేరాక

చెమటతో ఉన్న ఒంటి మీద వెంటనే చన్నీళ్ళు గుమ్మరించుకోకుండా పది నిమిషాలు గాలికి కూర్చోండి. సైకిల్‌ను నీడలో పెట్టండి, డాబా మీద కాదు. చక్రం మెల్లగా తిప్పుతూ టైరును చూడండి. గుచ్చుకుని ఇంకా లోపలికి దిగని పల్లేరు ముల్లు ఒకటైనా ఉంటుంది. గోటితో లాగేయండి. ఈ పని సాయంత్రం చూద్దామనుకుంటే, రేపు 5.20కి టైరు చదునుగా నేలకంటుకుని ఉంటుంది.